మాన్యుమెంట్ వ్యాలీలో గంట తేడాతో టూర్ పోయింది. రేపు ఏం చేయమంటారు?

పెన్నాతీరం
మాన్యుమెంట్ వ్యాలీకి దగ్గరి ఊరు కయెంటాలో హోటల్ గదిలో కూర్చుని రాస్తున్నాను. అందరూ పడుకున్నారు. నాకు నిద్ర రావడం లేదు.

మేం అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని చాండ్లర్‌లో ఉంటాం. అమ్మానాన్నలు మే నెలలో జమ్మలమడుగు నుంచి వచ్చారు. ఇద్దరికీ 65 దాటాయి, అమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆగస్టులో తిరుగు ప్రయాణం. వెళ్ళేలోగా ఈ ఎర్ర రాళ్ళ సీమ చూపించాలని నాకు పట్టుదల. వ్యాన్ అద్దెకు తీసుకుని నిన్న పేజ్ అనే ఊరు వచ్చి పడుకున్నాం. ఈ రోజు పొద్దున ఎనిమిదిన్నరకు అప్పర్ యాంటిలోప్ కాన్యన్ అనే ఇరుకు రాతి లోయ, తర్వాత కొలరాడో నది వంపు తిరిగే హార్స్‌షూ బెండ్, అన్నాలు తిని ఎర్ర రాతి గుట్టల మాన్యుమెంట్ వ్యాలీ. అక్కడ మధ్యాహ్నం మూడున్నరకు జీపు టూర్. లోపల 17 మైళ్ళూ మట్టి రోడ్డే. అద్దె బండిని మట్టి రోడ్డెక్కించకూడదని కాగితాల్లోనే రాసి ఉంది. అందుకే ముందే డబ్బు కట్టి జీపు మాట్లాడాను.

పొద్దున ఎంత బాగా గడిచిందో చెప్పలేను. కాన్యన్ లోపల గోడలు పట్టుచీర కుచ్చిళ్ళలా ఉన్నాయని అమ్మ చేత్తో తడుముతూ నడిచింది. హార్స్‌షూ బెండ్ దగ్గర నాన్న కమ్మీ పట్టుకుని చాలాసేపు కిందికి చూసి, "ఇది మన గండికోటే కదమ్మా, ఈడ నీళ్ళు పచ్చగుండాయి, అంతే" అన్నాడు.

పేజ్‌లో పన్నెండు ముప్పావుకు బయల్దేరాం. బండిలో గడియారం 3:05 చూపిస్తుండగా మాన్యుమెంట్ వ్యాలీ గేటు దాటాం. ఇంకా 25 నిమిషాలు ఉన్నాయి కదా అని అమ్మను నింపాదిగా దించాం. టూర్ వాళ్ళ దగ్గరికి వెళ్తే నాలుగు దాటింది, జీపు వెళ్ళిపోయిందన్నారు. డబ్బు వెనక్కి రాదు. సాయంత్రం టూర్లలో ఐదుగురికి చోటు లేదు. నలుగురు పెద్దవాళ్ళం, ఏడేళ్ళ బాబు. మూడు వందల డాలర్ల పైచిలుకు పోయింది.

డబ్బు సంగతి అటుంచండి. నాన్న "పోనీలేమ్మా, పైనుంచి కనపడతానే ఉంది కదా" అన్నాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. బండిలో మా ఆయనకూ నాకూ మాటా మాటా పెరిగింది.

రెండు విషయాలు చెప్పండి. అసలు ఈ గంట ఎక్కడ పోయింది? రేపు పొద్దున మళ్ళీ డబ్బు కట్టి టూర్ తీసుకోవాలా, లేక పెద్దవాళ్ళను ఇంకా తిప్పకుండా ఇంటికి వెళ్ళిపోవాలా?

కారప్పొడి
అమెరికాలో చాలాచోట్ల వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు. అరిజోనాలో జరపరు. కానీ నవాజో నేషన్‌లో, అంటే నవాజో ఆదివాసుల సొంత పాలన ఉన్న నేల మీద, జరుపుతారు. పేజ్ ఊరిది అరిజోనా టైమ్, మాన్యుమెంట్ వ్యాలీది నవాజో టైమ్. మీ 3:05 అక్కడ 4:05. దారిలో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్ కూడా చెప్పదు. తప్పు మీది కాదు.

ఫీనిక్స్‌వదిన
మాకూ ఇదే జరిగింది, కాకపోతే తిరగేసి. కయెంటాలో పడుకుని, పొద్దున పరుగులు తీసి పేజ్ చేరితే గంట ముందు వచ్చామన్నారు. యాంటిలోప్ కాన్యన్ ఉన్నది నవాజో నేలే అయినా టూర్లన్నీ పేజ్ టైమ్ ప్రకారం నడుస్తాయి. గంట ముందు వస్తే నష్టం లేదు, కాఫీ తాగి కూర్చున్నాం. మీలాగా అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళకే దెబ్బ.

పెన్నాతీరం
బుకింగ్ కాగితం ఇప్పుడు మళ్ళీ చదివాను. చివర్లో చిన్న అక్షరాల్లో "స్థానిక సమయం" అని ఉంది. అరిజోనాలో ఉండేవాళ్ళం, స్థానిక సమయం అంటే మా సమయమే అనుకోమా?

టూబాసిటీ నర్సు
నేను ఇక్కడే నవాజో నేషన్‌లో ఉద్యోగం చేస్తాను, ఐదేళ్ళయింది. మా టూబా సిటీకి రోడ్డు దాటితే మోయెన్‌కోపి. అది హోపీ అనే మరో ఆదివాసీ తెగ వాళ్ళ ఊరు. హోపీలు గడియారం జరపరు, నవాజోలు జరుపుతారు. వేసవిలో రోడ్డుకు ఇటు ఒక టైమ్, అటు ఒక టైమ్. పిల్లవాణ్ణి రమ్మన్నా, డాక్టరు దగ్గరికి రమ్మన్నా "ఎవరి టైమ్?" అని అడగడం మాకు అలవాటు.

నవాజో నేషన్ మూడు రాష్ట్రాల్లో ఉంది: అరిజోనా, యూటా, న్యూ మెక్సికో. మిగతా రెండు రాష్ట్రాలూ గడియారం జరుపుతాయి కాబట్టి నేషన్ అంతటికీ ఒకే టైమ్ ఉండాలని వీళ్ళు అటు మొగ్గారు. అరిజోనా 1967లో ఒక్క వేసవి జరిపి చూసి, 1968లో మానేసింది. ఈ ఎండల్లో సాయంత్రం ఇంకో గంట వెలుగు ఎవరికి కావాలి?

రేపు పొద్దున తప్పకుండా టూర్‌కు వెళ్ళండి. మొదటి జీపు ఎక్కండి. సాయంత్రం కన్నా పొద్దునే చల్లగా ఉంటుంది.

లారీబాబాయ్
ఒక్కరోజులో యాంటిలోప్, హార్స్‌షూ, మాన్యుమెంట్ మూడూ పెట్టడమే ఎక్కువమ్మా. 65 దాటినవాళ్ళతో రోజుకు ఒకటే పెట్టుకోవాలి. టైమ్ తేడా లేకపోయినా మీరు ఎక్కడో ఒకచోట జారేవాళ్ళు.

పెన్నాతీరం
బాబాయ్, నిజమే. కానీ సెలవులు మూడు రోజులే దొరికాయి. వాళ్ళు మళ్ళీ వస్తారో రారో. వీసా ఒక సంగతి, ఓపిక ఇంకో సంగతి. అందుకే అన్నీ కుక్కాను.

పులిహోరప్యాకెట్
ఈ మాట నాకు తెలుసు. మా అమ్మ 2019లో వచ్చింది, మళ్ళీ రాలేకపోయింది. మీరు కుక్కింది తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

గచ్చిబౌలి టు గిల్బర్ట్
టూర్ ఎందుకండీ, బండి వేసుకుని దిగిపోండి. మేం మామూలు కారులోనే 17 మైళ్ళూ తిరిగాం, ఏం కాలేదు.

కారప్పొడి
గచ్చిబౌలి గారూ, అది మీ సొంత కారు. వీళ్ళది అద్దె వ్యాన్. అడుగు తగిలినా, ఇసుకలో దిగబడినా ఇన్సూరెన్స్ వర్తించదు. పైగా మొదట్లో దిగుడు దారి రాళ్ళతో గుంతలతో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడను వెనక సీట్లో కూర్చోబెట్టి అంత దూరం కుదిపితే రాత్రికి లేవలేరు.

గచ్చిబౌలి టు గిల్బర్ట్
జీపు మాత్రం కుదపదా?

కారప్పొడి
కుదుపుతుంది. కానీ నడిపే మనిషికి ఏ గుంత ఎక్కడుందో తెలుసు. ముందు వరసలో కూర్చోబెట్టమని అడగండి, వెనక వరసలో ఎగిరెగిరి పడతారు.

సింగరేణిబిడ్డ
టైమ్ గురించి అందరూ చెప్పారు. నేను ఎండ గురించి చెప్తా. కాస్త పొడుగైనా చదవండి, ఇది జూలై.

మా మామగారు 34 ఏళ్ళు సింగరేణి గనుల్లో పనిచేశారు. గోదావరిఖని ఎండలు చూసిన మనిషి. పోయినేడు జూన్‌లో హార్స్‌షూ బెండ్‌కు తీసుకుపోయినం. రానూపోనూ ఒకటిన్నర మైలే కదా అనుకున్నం. "మా రామగుండం ఎండ ముందు ఇదేం ఎండ, చెమట కూడా పడతలేదు" అని నవ్వుకుంటూ నడిచారు. అసలు మోసం అక్కడే ఉంది. మన దగ్గర చెమట ఒంటికి అంటుకుని ఉంటది కాబట్టి తెలుస్తది. ఇక్కడి పొడిగాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆవిరైపోతది. ఒంట్లో నీళ్ళు పోతున్నాయని మనిషికి తెలియదు. దానికి తోడు ఆయన బీపీకి వేసుకునేది నీళ్ళు పోయే మాత్ర. మూత్రానికి పోవాల్సి వస్తదని పొద్దుటి నుంచి నీళ్ళు కూడా తక్కువే తాగారు. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది.

తిరిగి వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కాలి. సగంలో ఆగి, మా ఆవిడను చిన్నప్పటి పేరుతో పిలిచి, "బస్సు వచ్చిందా?" అని అడిగారు. మేం మొదట నవ్వినం. రెండోసారి అడిగినప్పుడు అర్థమైంది. నీడలో పడుకోబెట్టి, తువ్వాల తడిపి మెడకు, చంకలకు పెట్టినం. ఎవరో తెల్లావిడ తన దగ్గరున్న ఐసు సంచి ఇచ్చింది. అంబులెన్సు వచ్చింది. ఆ రాత్రి ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు, తెల్లారేసరికి మామూలు మనిషయ్యారు. విజిటర్ ఇన్సూరెన్స్ తీసుకుని ఉన్నం కాబట్టి బిల్లు మోయగలిగినం.

అందుకే చెప్తున్నా. మనిషికి రోజుకు ఒక గ్యాలన్ నీళ్ళు బండిలో ఉండాలి. దాహం వేసినప్పుడు కాదు, అరగంటకోసారి మీరే గ్లాసు చేతికివ్వండి. ఉత్త నీళ్ళే కాదు, ఉప్పు వేసిన మజ్జిగ ఇవ్వండి. బాత్రూమ్ ఎక్కడుందో వాళ్ళు అడగకముందే చెప్పండి. సగం మంది పెద్దవాళ్ళు బాత్రూమ్ భయంతోనే నీళ్ళు మానేస్తారు.

ఫీనిక్స్‌వదిన
చివరి రెండు మాటలు ప్రతి ఇంట్లో గోడకు రాసి పెట్టుకోవాలి. మా అత్తగారు ఎన్ని గంటలు ప్రయాణం చేసినా చుక్క నీళ్ళు ముట్టరు. కారణం ఇదేనని నాకు ఇప్పుడు తట్టింది.

టూబాసిటీ నర్సు
సింగరేణి తమ్ముడు చెప్పినదానికి నా ఓటు. మాట తడబడటం, అర్థం లేకుండా మాట్లాడటం మొదలైతే ఇక ఆలోచించకుండా 911కు ఫోన్ చేయాలి. అది అలసట కాదు. మందులు వేసుకునేవాళ్ళయితే ఎంత నీళ్ళు, ఎంత ఉప్పు అన్నది ప్రయాణానికి ముందే డాక్టర్‌ను అడగండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకు ఉప్పు మజ్జిగ లెక్క వేరు.

ఇంకో మాట. ఇక్కడ పల్లెల్లో చాలా ఇళ్ళకు ఇప్పటికీ కొళాయి లేదు. ట్రక్కుల్లో పీపాలు పెట్టుకుని మైళ్ళు పోయి నీళ్ళు తెచ్చుకుంటారు. దారిలో అలాంటి ట్రక్కులు కనిపిస్తాయి. మీ నాన్నగారిది కడప జిల్లా అన్నారు కదా, ఆయనకు చూపించండి. విడమరిచి చెప్పనక్కర్లేదు.

అనంతపురం అబ్బాయి
మా ఊళ్ళో వేసవిలో ట్యాంకర్ వెనక బిందెలతో పరిగెత్తిన చేతులివి. అమెరికాలో ఈ మాట వింటానని అనుకోలేదు.

రాళ్ళపిచ్చి
నాన్నగారు గండికోట అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. నేను చదువుకున్నది భూగర్భ శాస్త్రం, పుట్టింది ప్రొద్దుటూరు.

ఆయన పోలిక సగం నిజం. రెండుచోట్లా నది గట్టి రాతిని నిలువుగా కోసింది. ఇక్కడ కొలరాడో, అక్కడ పెన్న. కానీ రాళ్ళు వేరు. హార్స్‌షూ బెండ్ గోడలు నవాజో ఇసుకరాయి. దాదాపు 19 కోట్ల ఏళ్ళ కిందటి ఎడారి ఇసుక దిబ్బలు అలాగే గట్టిపడి రాయయ్యాయి. యాంటిలోప్ కాన్యన్‌దీ అదే రాయి. అమ్మగారు కుచ్చిళ్ళు అన్నది ఎంత సరైన మాటో! గోడల మీద వాలుగా కనిపించే ఆ చారలు అప్పట్లో గాలికి ఇసుక పొర మీద పొర పడిన గుర్తులు. వాటిని కుచ్చిళ్ళలా మలిచింది మాత్రం వరద నీళ్ళు.

గండికోటది క్వార్ట్‌జైట్ అనే చాలా గట్టి రాయి. కడప రాళ్ళ వయసు వంద కోట్ల ఏళ్ళకు పైమాటే. ఆ రాళ్ళు ఏర్పడేనాటికి భూమ్మీద డైనోసార్ లేదు, చెట్టు లేదు, గడ్డి పోచ కూడా లేదు. కాబట్టి నాన్నగారికి చెప్పండి, ఆయన చూస్తూ పెరిగిన రాయి ఈ రాళ్ళకు తాత ముత్తాతలకన్నా పెద్దది.

గచ్చిబౌలి టు గిల్బర్ట్
నేను గండికోట రెండుసార్లు వెళ్ళాను. అందంగా ఉంటుంది, కాదనను. కానీ హార్స్‌షూ బెండ్‌లో వెయ్యి అడుగుల లోతు ఉంది. గండికోట అందులో మూడో వంతు ఉంటుందేమో. పోలికే లేదు.

అనంతపురం అబ్బాయి
లోతు ఒక్కటే లెక్కా? గండికోటలో లోయ అంచున కోట ఉంది, మాధవరాయస్వామి గుడి ఉంది, జామియా మసీదు ఉంది, ధాన్యాగారం ఉంది. పెమ్మసాని నాయకులు ఏలిన చోటు. మనుషులు బతికిన లోయ అది. ఇక్కడ పార్కింగుకు డబ్బు కట్టి ఫోటో తీసుకుని రావడమే.

టూబాసిటీ నర్సు
ఇక్కడ కూడా మనుషులు బతికారు, ఇప్పటికీ బతుకుతున్నారు తమ్ముడూ. మాన్యుమెంట్ వ్యాలీ లోపల ఇళ్ళున్నాయి. జీపు నడిపేవాళ్ళలో కొందరి అమ్మమ్మలు ఆ లోయలోనే గొర్రెలు కాచారు. 1864లో అమెరికా సైన్యం నవాజోలను తరిమి, న్యూ మెక్సికోలోని బోస్కే రెడోండో వరకు వందల మైళ్ళు నడిపించింది. దారిలో, ఆ శిబిరంలో ఎందరో చనిపోయారు. 1868లో సంధి కుదిరాక తిరిగి ఈ నేలకే నడిచి వచ్చారు. రాతి గుట్టలు చూసినప్పుడు ఇది కూడా గుర్తుంచుకోవాలి.

అనంతపురం అబ్బాయి
క్షమించండి అక్కా. తెలియక అన్నాను.

రాళ్ళపిచ్చి
గ్రాండ్ కాన్యన్‌కు వెళ్ళే ఆలోచన ఉంటే, అక్కడ అట్టడుగున నల్లగా కనిపించే రాయి పేరు విష్ణు షిస్ట్, వయసు దాదాపు 170 కోట్ల ఏళ్ళు. అది మన కడప రాళ్ళతో కూర్చుని మాట్లాడగల వయసున్నది. లోయలో శిఖరాలకు విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అని పేర్లున్నాయి. 1880ల్లో క్లారెన్స్ డట్టన్ అనే సర్వే అధికారి ఇలాంటి పేర్లు పెట్టే పద్ధతి మొదలుపెట్టాడు. టెంపుల్ అన్నారని గుడి కోసం వెతక్కండి, అవి కొండలు. మా మేనత్త కొబ్బరికాయ తీసుకురావాలా అని అడిగింది.

ఫీనిక్స్‌వదిన
మీ మేనత్తగారికి నా నమస్కారాలు. నేనైతే రెండు తెచ్చేదాన్ని.

పెన్నాతీరం
ఇవన్నీ చదువుతుంటే గుండె కుదుటపడింది. పొద్దున ఎనిమిది గంటల జీపులో ఐదు సీట్లు దొరికాయి. వేరేవాళ్ళ దగ్గర బుక్ చేశాను, ఈసారి "నవాజో టైమా?" అని ఫోన్‌లో రెండుసార్లు అడిగాను. ఆవిడ నవ్వి, రోజూ ఎవరో ఒకరు అడుగుతారని చెప్పింది.

ఇంకో సంగతి. బాబు పార్కింగ్ దగ్గర చిన్న ఎర్ర రాయి ఏరుకుని జేబులో వేసుకున్నాడు. పర్వాలేదా?

టూబాసిటీ నర్సు
వద్దు. రేపు తీసిన చోటే పెట్టించండి. ఈ నేల మీద రాయి, మొక్క, పాత కుండ పెంకు ఏదీ తీసుకుపోకూడదు.

రాళ్ళపిచ్చి
ఇదే అరిజోనాలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అని ఉంది, చెట్లు రాళ్ళయిన చోటు. అక్కడి ముక్కలు దొంగతనంగా తీసుకుపోయినవాళ్ళు, ఇంట్లో కష్టాలు మొదలయ్యాయి, తప్పు క్షమించండి అని ఉత్తరాలు రాసి పోస్టులో వెనక్కి పంపిస్తుంటారు. అలా వచ్చిన రాళ్ళన్నీ ఒక పక్కన కుప్పగా ఉంటాయి. ఎక్కడి నుంచి తీశారో తెలియదు కాబట్టి తిరిగి పార్కులో కలపరు. మీ బాబుకు ఈ కథ చెప్పండి, తనే పెట్టేస్తాడు.

లారీబాబాయ్
రేపు తిరుగు ప్రయాణం సంగతి. మాన్యుమెంట్ వ్యాలీ నుంచి పదిన్నరకల్లా కదలండి. కయెంటా, టూబా సిటీ, క్యామెరన్, ఫ్లాగ్‌స్టాఫ్, అక్కడి నుంచి ఇల్లు. కయెంటాలోనే పెట్రోల్ నిండా పోయించుకోండి. చల్లగా ఉన్నప్పుడే టైర్ల గాలి చూడండి. తక్కువ గాలితో వేడి రోడ్డు మీద పరిగెత్తే టైరే పేలేది.

జూలై మధ్యాహ్నాలు వానమబ్బు కడుతుంది. ఫ్లాగ్‌స్టాఫ్ దాటాక కిందికి దిగుతుంటే ఫీనిక్స్ వైపు గోధుమరంగు గోడ లేచినట్టు దుమ్ము తుఫాను కనిపించవచ్చు. అందులోకి వెళ్ళొద్దు. చిక్కుకుంటే మాత్రం రోడ్డు దిగి ఎంత దూరం పోగలిగితే అంత పక్కకు పోయి, లైట్లన్నీ ఆపేసి, బ్రేకు మీద నుంచి కాలు తీసి, హ్యాండ్ బ్రేకు వేసి, బెల్టులు పెట్టుకునే కూర్చోండి.

గచ్చిబౌలి టు గిల్బర్ట్
లైట్లు ఆపేయడమేంటి బాబాయ్? నాలుగు వైపులా లైట్లు వెలిగించాలి కదా, లేకపోతే వెనక వచ్చేవాడికి మనం కనపడం.

లారీబాబాయ్
అందరూ అలాగే అనుకుంటారు. దుమ్ములో వెనకవాడికి రోడ్డు కనపడదు, మీ లైటొక్కటే కనపడుతుంది. ముందు ఏదో బండి పోతోంది, దాని వెనకే పోదామని మీ లైటు పట్టుకుని నేరుగా మీ మీదికి వస్తాడు. బ్రేకు నొక్కి కూర్చున్నా వెనక ఎర్ర లైటు వెలుగుతుంది, అందుకే కాలు తీయమన్నది. ఇది నా సొంత తెలివి కాదు, అరిజోనా రవాణా శాఖ ప్రతి ఏడూ చెప్పేదే. ఐ-10 హైవే మీద నేను కళ్ళారా చూశాను, వివరాలు రాయను.

గచ్చిబౌలి టు గిల్బర్ట్
పదేళ్ళుగా ఇక్కడే ఉన్నాను, ఇది తెలియదు. ఇప్పుడే మా ఆవిడకు పంపించాను.

కారప్పొడి
వాన సంగతి కూడా. నెత్తిన చుక్క పడకపోయినా, ఎక్కడో మైళ్ళ దూరంలో పడిన వాన వాగులో వచ్చేస్తుంది. రోడ్డు మీద నీళ్ళు పారుతుంటే ఆగిపోండి, ఎంత తక్కువగా కనిపించినా సరే.

పెన్నాతీరం
యాంటిలోప్‌లో గైడ్ అదే చెప్పాడు. 1997 ఆగస్టు 12న దూరంగా పడిన వానకు లోయర్ కాన్యన్‌లోకి వరద వచ్చి 11 మంది పోయారట. అంత అందమైన చోట నిలబడి ఆ మాట వినడం కష్టంగా అనిపించింది. నాన్న పైకి చూసి, "ఆకాశం బీటంతే కనపడతాంది, మబ్బొచ్చేదెట్ల తెలుస్తాది" అన్నాడు.

పులిహోరప్యాకెట్
తిండి ఏం తీసుకెళ్ళారు? ఐసు పెట్టె లేకపోతే పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుంది. పులిహోర, చపాతీ, వేరుశనగ పొడి, అరటిపళ్ళు చాలు.

టూబాసిటీ నర్సు
వీలైతే ఫ్రై బ్రెడ్ తినిపించండి. మన పూరీని రెండింతలు మందంగా చేసినట్టు ఉంటుంది. బోస్కే రెడోండో శిబిరంలో తెలిసిన తిండేదీ దొరక్క, సర్కారు ఇచ్చిన మైదాతో, కొవ్వుతో వీళ్ళ ఆడవాళ్ళు చేసుకున్న రొట్టె అది. శాకాహారులైతే నూనెలో వేయించారా, పంది కొవ్వులోనా అని ముందే అడగండి, ఏమీ అనుకోరు.

ఇంకొకటి, కయెంటా బర్గర్ కింగ్‌లో కోడ్ టాకర్ల ప్రదర్శన ఉంది. పేరు చూసి దాటిపోవద్దు. పెద్దవాళ్ళకు ఏసీలో కూర్చున్నట్టూ ఉంటుంది.

పెన్నాతీరం
కోడ్ టాకర్లంటే? నాన్న జీవితమంతా టెలిగ్రాఫ్ ఆఫీసులోనే చేశాడు.

టూబాసిటీ నర్సు
అయితే నేను చెప్పను. ఆయన్నే చూడనివ్వండి.

పెన్నాతీరం
చాండ్లర్ చేరాం. తుఫాను లేదు, వాన లేదు. నిన్న రాత్రి ఇన్ని మంచి మాటలు చెప్పిన మీకు చెప్పకుండా పడుకోబుద్ధి కాలేదు.

పొద్దున జీపు ఎక్కాం. అమ్మకు ముందు సీటు ఇచ్చారు. నడిపినాయన వయసు నాన్నకు దగ్గరగా ఉంటుంది. మిట్టెన్ గుట్టలు రెండూ చేతి తొడుగుల్లా ఉన్నాయని చెబితే, అమ్మ "తొడుగులు నాకేం తెలుసు, గోపురాలు" అంది. నేను దాన్ని ఆయనకు ఇంగ్లీషులో చెప్పాను. ఆయన తలూపి, తమ భాషలో ఆ గుట్టల పేరు చెప్పాడు. నాకు నోరు తిరగలేదు, నాన్న రెండుసార్లు పలికి చూశాడు. బాబు రాయి తీసిన చోటే పెట్టేశాడు. కష్టాల కథ విన్నాక రాత్రంతా దాన్ని గది బయట పెట్టి పడుకున్నాడు.

పదిన్నరకు కయెంటాలో ఆగాం. ఆ దుకాణం యజమాని తండ్రి కోడ్ టాకరట. అద్దాల వెనక ఫోటోలు, యుద్ధం నాటి వస్తువులు. రెండో ప్రపంచ యుద్ధంలో 1942లో 29 మంది నవాజో కుర్రాళ్ళు తమ ఇంటి భాషతో సంకేతం తయారుచేశారు. తర్వాత దాదాపు 400 మంది దాన్ని నేర్చి రేడియోల్లో సమాచారం పంపారు. యుద్ధ ట్యాంకు అంటే తాబేలు. బాంబులంటే గుడ్లు. జలాంతర్గామి అంటే ఇనుప చేప. జపాన్ వాళ్ళు చివరిదాకా విప్పలేకపోయారు. 1968 వరకు ఇది బయటికి చెప్పకూడని రహస్యం, కాబట్టి ఇళ్ళకు తిరిగి వచ్చాక కూడా ఎవరితోనూ అనలేదు.

నేను ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే నాన్న అద్దానికి ముఖం ఆనించి నిలబడ్డాడు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాం ఆపేసిన రోజు ఆయన అన్నం తినలేదని అమ్మ చెప్పింది. నాకు ఇన్నేళ్ళూ తెలియదు. చాలాసేపటికి, "బడిలో ఈ భాష మాట్లాడితే కొట్టినారంట కదమ్మా?" అని అడిగాడు. అవును నాన్నా అన్నాను. మళ్ళీ ఏం మాట్లాడలేదు. నలభై నిమిషాలు ఉన్నాం. బాబాయ్ చెప్పిన వేళకే కదిలినా, ఇక్కడ ఆలస్యమైంది.

ఫ్లాగ్‌స్టాఫ్ దాకా నాన్న వెనక సీట్లో బాబుకు మోర్స్, అంటే టెలిగ్రాఫ్ సంకేతాలు, నేర్పించాడు. కిటికీ అద్దం మీద వేలితో టిక్కు టక్కు. అరగంటకోసారి మజ్జిగ గ్లాసు అమ్మే అందించింది, ఇద్దరూ అద్దం మీద కొడుతూనే తాగారు. క్యామెరన్ దాటాక ఫోన్‌లో గంట వెనక్కి జరిగింది. మా ఆయన నా వైపు చూసి, "ఇదిగో నీ గంట" అన్నాడు.

సింగరేణిబిడ్డ
బాపును మా తరఫున అడిగినమని చెప్పు చెల్లె.

అనంతపురం అబ్బాయి
రెండోసారి చదువుతున్నాను.

లారీబాబాయ్
నలభై నిమిషాలు ఆలస్యమైనా ఏం పర్లేదమ్మా. దారిలో నీళ్ళ ట్రక్కులు కనిపించాయా?

పెన్నాతీరం
కనిపించాయి బాబాయ్. టూబా సిటీకి ముందు మూడు. నాన్న లెక్కపెట్టాడు.

కొత్తసభ్యుడు 88
మేం సెప్టెంబర్‌లో వెళ్తున్నాం, మా అత్తామామలతో. పేజ్‌లో రెండు రాత్రులు ఉండాలా, పేజ్‌లో ఒకటి కయెంటాలో ఒకటి ఉండాలా?

పెన్నాతీరం
ఒక్కోచోట ఒక్కో రాత్రి ఉండండి. పేజ్ నుంచి మాన్యుమెంట్ వ్యాలీ వెళ్ళే రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు, దారి మాత్రమే. జీపు మర్నాడు పొద్దునకు బుక్ చేయండి. పేజ్ వదిలే ముందు బండి గడియారం గంట ముందుకు జరపండి. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం మీ దగ్గర ఒకటి, మామగారి జేబులో ఒకటి ఉంచండి.